ముందు నెల, తరవాత ఊరు

నెల్లిమర్ల,
ఫిబ్రవరి 14.

చి.ల.సౌ. అమ్మలుని ఆశీర్వదించి పెద్దమ్మ రాయునది.

నువ్వు ఫోనుకి పంపిన జాబితా చదివేను. శ్రీనగర్, జైపూర్, గోవా, మున్నార్, షిల్లాంగ్. పది రోజుల్లో అయిదు ఊళ్ళు. అదీ మే నెలలో, మోకాళ్ళ నెప్పులున్న మీ అమ్మతో, ఇద్దరు గుంటలతో. "వీటిలో రెండు తీసెయ్యాలంటే ఏవి తీసెయ్యను పెద్దమ్మా?" అని అడిగేవు. ఫోనులో చెప్దామంటే నువ్వు మీటింగులో ఉంటావు, లేకపోతే దారిలో ఉంటావు. బడిలో సోషలు చెప్పినదాన్ని, పాఠం మధ్యలో ఆపితే నాకు కోపం. అందుకని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు, అల్లుడికీ వినిపించు.

రెండు కాదు, ఈ మేకి అయిదూ తీసెయ్. ఊళ్ళు చెడ్డవని అనడం లేదు. నువ్వు ముందు ఊరు ఎంచుకుని తరవాత సెలవుల్లో దాన్ని ఇరికించాలని చూస్తున్నావు. మన దేశంలో అది కుదరదు. ముందు నెల చూసుకోవాలి. ఆ నెలలో ఎక్కడి ఎండ ఒంటికి పడుతుందో చూసుకోవాలి. ఊరి సంగతి ఆ తరవాత.

మన దేశం దక్షిణాన 8 డిగ్రీల అక్షాంశం దగ్గర మొదలై ఉత్తరాన 37 దాకా పోతుంది. కర్కటరేఖ 8 రాష్ట్రాల మీదుగా వెళ్తుంది. ఇండియా అంటే ఎండ అని పైదేశాలవాళ్ళు ఒక్క మాటలో తేల్చేస్తారు గానీ, ఒకే రోజున లేహ్‌లో కాసే ఎండ, జైసల్మేర్‌లో కాసే ఎండ, మన చంపావతి ఏటి ఇసుకలో కాసే ఎండ ఒకటి కావు. లేహ్ ఎండలో చర్మం కమిలిపోతుంది, నీడలోకి జరిగితే చలేస్తుంది. జైసల్మేర్‌లో నీడ కూడా వేడిగానే ఉంటుంది. మన దగ్గర ఎండ కన్నా ఉక్క ఎక్కువ, కూర్చున్నచోటే చీర తడిసిపోతుంది.

ఇప్పుడు నీ జాబితాని మే నెలలో పెట్టి చూడు. జైపూర్‌లో మధ్యాహ్నం 40 దాటడం మామూలు, వడగాలి వీస్తే 45 దాకా పోతుంది. ఆమేర్ కోట రాళ్ళ మీద మీ చిన్నగుంటడు పది నిమిషాలు నిలబడలేడు. గోవాలో మే ఆఖరికి ఉక్కపోత పట్టుకుంటుంది, నెల తిరిగేసరికి ఇసుక మీది పాకలన్నీ విప్పేస్తారు. షిల్లాంగ్‌లో మేలోనే వానలు జోరందుకుంటాయి. ఆ జిల్లాలోనే ఉన్న మాసిన్రాంలో ఏడాదికి సగటున 11,000 మిల్లీమీటర్లకి పైగా కురుస్తుందని నీకు ఏడో తరగతిలోనే చెప్పేను. మున్నార్ ఫరవాలేదు గానీ, జూన్ 1 ప్రాంతంలో రుతుపవనాలు ముందుగా తలుపు తట్టేది కేరళలోనే. పైగా మున్నార్ అందమంతా నీలకురింజి పూసిన ఏడే చూడాలి. అది పన్నెండేళ్ళకోసారి పూస్తుంది. 2018లో పూసింది, మళ్ళీ 2030లో. అప్పటికి మీ పెద్దగుంట కాలేజీకి వస్తుంది, అప్పుడు వెళ్ళండి. మిగిలింది శ్రీనగర్. దాని సంగతి తరవాత చెప్తాను.

మీకున్న సెలవులు మూడే మూడు. దసరా, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా, వేసవి. పిల్లల బడి ఉన్నంతకాలం ఈ మూడు కిటికీల్లోంచే మీరు దేశాన్ని చూడాలి. ఏ కిటికీలోంచి ఏ దిక్కు కనిపిస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

దసరా సంగతే ముందు చెప్తాను. అందరూ వాన వెళ్ళిపోయింది, ఎండ రాలేదు, ఇదే మంచి అదను అనుకుంటారు. నైరుతి వెళ్ళిపోయేది ఉత్తరాదిలో, మన వైపు కాదు. మనకి అక్టోబరు అంటే తుపానుల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస పక్కన తీరం దాటింది. అంతకు ముందు ఫైలిన్, 2013 అక్టోబరు 12, గోపాల్‌పూర్. మన ముసలాళ్ళు చిత్తకార్తె అంటే ఎందుకు ఆకాశం వంక చూసేవారో ఈ తారీకులు చూస్తే తెలుస్తుంది. కాబట్టి దసరాకి పూరీ బీచి, విశాఖ బీచి, అండమాన్ అని ముందే డబ్బు కట్టేసి కూర్చోకు. పైగా ఆ వారంలో కోల్‌కతావాళ్ళు సగంమంది అరకులోనే ఉంటారు. వాళ్ళకీ అవే సెలవులు. పూరీలో గది దొరకదు, బొర్రా గుహల దగ్గర వరస తరగదు. అరకు చూడాలంటే నవంబరు, డిసెంబరు. వలిసెపూలు పూసి కొండవాలంతా పసుపు పచ్చగా ఉంటుంది, పొద్దున్న మంచు కూడా పడుతుంది.

దసరాకి వెళ్ళాలంటే సముద్రం వైపు కాకుండా కొండల వైపు వెళ్ళు. భువనేశ్వర్ నుంచి వచ్చే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ మన విజయనగరంలో ఆగి, పార్వతీపురం, రాయగడ, కోరాపుట్ మీదుగా జగదల్‌పూర్ పోతుంది. అక్కడికి దగ్గర్లో ఇంద్రావతి నది చిత్రకోట్ దగ్గర గుర్రపు నాడా ఆకారంలో కిందకి దూకుతుంది. వేసవిలో చూస్తే మూడు పాయలు, అక్టోబరులో చూస్తే ఏరు మొత్తం. జగదల్‌పూర్‌లో బస్తర్ దసరా 75 రోజుల పండగ. అక్కడ రావణుణ్ణి కాల్చరు, దంతేశ్వరి అమ్మవారికి పెద్ద రథం కట్టి లాగుతారు. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద సంగతి ఉందని విజయనగరంలోనే చాలామందికి తెలీదు. అక్కణ్ణుంచి తిరిగొచ్చేటప్పుడు దసరా వెళ్ళిన మంగళవారం మన పైడితల్లి సిరిమాను ఉత్సవం కూడా చూసుకుని హైదరాబాద్ వెళ్ళొచ్చు. సిరిమాను మీ పిల్లలు ఇంతవరకు టీవీలోనే చూసేరు. అది నాకు నచ్చలేదు.

రెండో కిటికీ అన్నిటికన్నా పెద్దది. డిసెంబరు ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా రాజస్థాన్, కచ్, హంపీ, ఒడిశా, కేరళ అన్నీ బాగుంటాయి. కచ్‌లోని తెల్ల ఎడారి వానాకాలంలో నీళ్ళ కింద ఉంటుంది, చలికాలానికి ఆరి ఉప్పు తేలుతుంది. హంపీ బండలు మార్చి దాటితే పెనాల్లా కాలుతాయి, జనవరిలో రోజంతా తిరగొచ్చు. చిల్కాకి పక్షులొచ్చేదీ అప్పుడే. ఢిల్లీ, ఆగ్రా, కాశీ మాత్రం ఆ మూడు వారాలు వద్దు. పొగమంచులో రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. తాజ్‌మహల్ ముందు నిలబడి తాజ్‌మహల్ ఎక్కడని అడగాల్సి వస్తుంది. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదలు అయితే ఢిల్లీ ఎండ హాయిగా ఉంటుంది. పెళ్ళికో పనికో అటు వెళ్ళినప్పుడు రెండు రోజులు కలుపుకో. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవన్నది మర్చిపోకు.

ఈశాన్యం వెళ్తే ఇంకో లెక్క ఉంది. అరుణాచల్‌కీ గుజరాత్‌కీ మధ్య దాదాపు 29 డిగ్రీల రేఖాంశం తేడా. అంటే సూర్యుడికి రెండు గంటల దారి. గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. డిసెంబరులో కోహిమాలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, ద్వారకలో ఆరు దాటినా వెలుగుంటుంది. హైదరాబాద్ అలవాటు ప్రకారం పదింటికి టిఫిను తిని బయల్దేరితే అక్కడ చూసేదేం ఉండదు. నాగాలాండ్‌లో అయిదింటికి లే, గుజరాత్‌లో ఏడు దాకా పడుకో. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్ వెళ్ళాలంటే మనలాంటి బయటి రాష్ట్రాలవాళ్ళకి ఇన్నర్‌లైన్ పర్మిట్ కావాలి. అది ముందే తీసుకోవాలి.

నెల తరవాత చూసుకోవాల్సింది దారి. ఒక సెలవుకి ఒక ప్రాంతమే. శ్రీనగర్ నుంచి మున్నార్ అంటే మ్యాపులో వేలెడు దూరం కాదు, దేశం ఈ చివర నుంచి ఆ చివర. పది రోజుల్లో అయిదు ఊళ్ళంటే నువ్వు చూసేవి విమానాశ్రయాలు. పిల్లలకి గుర్తుండేది అక్కడ కొనిచ్చిన బర్గరు. మీ సహోద్యోగి ఎవరో వెళ్ళొచ్చేడు, ఫోటోలు బాగున్నాయి అన్నావు. ఫోటోలు బాగానే ఉంటాయి. నడుం నెప్పి ఫోటోలో పడదు.

దారి విషయంలో మనకో అదృష్టం ఉంది, దాన్ని మీ తరం వాడుకోవడం మానేసింది. మన విజయనగరం మామూలు స్టేషను కాదు, జంక్షను. హౌరా నుంచి చెన్నై వెళ్ళే లైను మన నెల్లిమర్ల మీదుగానే పోతుంది. రాయపూర్ లైను 1931 కల్లా కలిసింది. బడిలో చెప్పే రోజుల్లో నేను పటం గోడకి తగిలించి పిల్లల చేత రైళ్ళ పేర్లు చెప్పించేదాన్ని. పేరు చెప్తే ఊళ్ళు వాటంతటవే వచ్చేవి. ఈస్ట్ కోస్ట్ ఎక్కితే కోల్‌కతా. సమతా ఎక్కితే రాయపూర్, నాగపూర్ మీదుగా ఢిల్లీ. కోణార్క్ ఎక్కితే ముంబై. అమరావతి ఎక్కితే హోస్పేట దగ్గర దిగి హంపీ చూసి, మళ్ళీ అదే బండి ఎక్కితే గోవాలో వాస్కో దాకా పోతుంది. ధన్‌బాద్ నుంచి అలప్పుజా వెళ్ళే బండిని మనవాళ్ళు బొకారో అంటారు, కేరళ పడవిళ్ళ ఊరికి బండి మారకుండా తీసుకెళ్తుంది. నువ్వేమో హైదరాబాద్ నుంచి కొచ్చికి విమానం, అక్కణ్ణుంచి కారు అని లెక్కేస్తున్నావు. విమానం వద్దనను, భోగాపురంలో విమానాశ్రయం పెట్టేది మన నియోజకవర్గంలోనే. కానీ పిల్లలకి గోదావరి ఎంత వెడల్పుందో, చిల్కా ఒడ్డు ఎంతసేపు పక్కనే నడుస్తుందో రైలు కిటికీలోంచే తెలుస్తుంది. వేళలు, ఆగే స్టేషన్లు మారుతుంటాయి, టికెట్టు తీసే ముందు ఒకసారి చూసుకో.

ఒక మాట చెప్పి తీరాలి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవాళ్ళు దేశం చూడలేదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. చూసేరు, కూలికి వెళ్ళి చూసేరు. ఒకప్పుడు రంగూన్ వెళ్ళేరు. ఖరగ్‌పూర్ రైల్వేలో స్థిరపడ్డారు. పోర్ట్ బ్లెయిర్ బజారులో శ్రీకాకుళం మాట వినిపిస్తుంది. మన తీరం మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ దాకా వేటకి పోతారు. చెన్నైలో, హైదరాబాద్‌లో ఎన్ని మేడలు మనవాళ్ళ చేతుల మీద లేచేయో లెక్క లేదు. వాళ్ళెవరూ అక్కడ ఫోటో దిగలేదు. మీకు చూడ్డానికి మాత్రమే వెళ్ళే వెసులుబాటు దొరికింది. అందుకే దాన్ని హడావుడిగా పాడుచెయ్యకు అంటున్నాను.

ఇంక ఎవరితో వెళ్తున్నావన్నది. మీ అమ్మ మెట్లెక్కలేదు అని రాసేవు. ఎన్ని మెట్లు ఎక్కగలదు? నీకు తెలీదు, ఆవిడకీ తెలీదు, అడిగితే "ఎక్కేస్తాను" అంటుంది. ప్రయాణానికి ముందు రెండు రోజులు ఇక్కడ దిగండి. పొద్దున్నే ఆవిణ్ణి పిల్లల్తో సహా రామతీర్థం తీసుకెళ్తాను. రాములవారి దర్శనం అయ్యేక గురుభక్తులకొండ ఎక్కుదాం. ఆవిడ ఎక్కడ కూలబడితే అదే మీ యాత్రకి కొలత. టూరు కంపెనీవాళ్ళకి అంతకన్నా ఎక్కువ ఎక్కించేది ఏదీ పెట్టొద్దని చెప్పు. పిల్లలకి మాత్రం ఆ కొండ మీద పని ఉంది. ఇటుకల బౌద్ధ స్తూపాలు, విహారాలు ఉన్నాయి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి తవ్వించేడు. పక్కన దుర్గకొండ గుహలో జైన తీర్థంకరుల బొమ్మలు, తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలం నాటి శాసనం ఉన్నాయి. రాముడు, బుద్ధుడు, జినుడు ముగ్గురూ మన పక్క కొండల మీద కాపురం ఉన్నారని మీ పెద్దగుంటకి ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను చెప్తాను.

తిండి కూడా చూసుకోవాలి. మీ అమ్మ మూడు రోజులు అన్నం లేకపోతే నాలుగో రోజు ఎవరితోనూ మాట్లాడదు. రాజస్థాన్, పంజాబ్ వైపు రొట్టెలే. బెంగాల్, ఒడిశా, అస్సాం, కేరళ అన్నం దేశాలు. ఇది చిన్న విషయం కాదు, యాత్ర మధ్యలో మొహాలు మాడిపోయేది చాలాసార్లు ఇక్కడే.

నీ ఉత్సాహం మీద నీళ్ళు పోస్తున్నానని అనుకోకు. నీకు జాబితా అంటే అంత ఇష్టమైతే నేనొక జాబితా ఇస్తాను, పదేళ్ళకి సరిపడేది. ఈ ఎండల దేశంలో సూర్యుడికి గుడి కట్టిన చోట్లు పట్టుకో. మొదటిది మన అరసవల్లి. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు ఉదయపు కిరణాలు గుడి గుమ్మం దాటి లోపలికెళ్ళి స్వామి పాదాల మీద పడతాయి. మీ అమ్మమ్మకి ఆదివారం అరసవల్లి వెళ్ళొస్తే గానీ తిండి సయించేది కాదు. రెండోది కోణార్క్, 13వ శతాబ్దంలో గంగరాజు మొదటి నరసింహదేవుడు కట్టించేడు. మూడోది గుజరాత్‌లో మొఢేరా, సోలంకీ భీముడి కాలంలో, 11వ శతాబ్దం మొదటి సగంలో కట్టేరు. ఆ ఊరిని 2022 అక్టోబరులో పూర్తిగా సౌరవిద్యుత్తుతో నడిచే గ్రామంగా ప్రకటించేరు. సూర్యుడు ఇప్పటికీ ఆ ఊరివాళ్ళకి బాకీ తీరుస్తున్నాడన్నమాట. నాలుగోది కశ్మీర్‌లో అనంత్‌నాగ్ దగ్గర మార్తాండ్, 8వ శతాబ్దంలో లలితాదిత్యుడు కట్టించింది, శిథిలాలే మిగిలేయి. తూర్పు, పడమర, ఉత్తరం. ఒక్కో గుడికి ఒక్కో నెల. కోణార్క్ జనవరి, మొఢేరా డిసెంబరు, మార్తాండ్ మే, జూన్. నాలుగూ ఒకే యాత్రలో కలవవు, కలపకూడదు కూడా.

వీటిలో కోణార్క్ ముందు పెట్టుకోమంటాను, ఎందుకంటే ఆ దారి మన ఇంట్లోంచే మొదలవుతుంది. కోణార్క్ కట్టిన గంగవంశం రాజధాని ఒకప్పుడు వంశధార ఒడ్డున కళింగనగరం, ఇప్పటి శ్రీముఖలింగం. మధుకేశ్వరుడి గుడి ద్వారాల మీది చెక్కడం చూసి అక్కణ్ణుంచి బయల్దేరాలి. అదే వంశంలో అనంతవర్మ చోడగంగుడు 12వ శతాబ్దంలో పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టేడు, రాజధాని కటకానికి మారింది. ఆయన వంశంవాడే తరవాత కోణార్క్ కట్టించేడు. ముఖలింగం, పూరీ, కోణార్క్ వరసగా చూస్తే చిన్న రాతిగుడి ఎలా పెరిగి పెద్ద రథమైందో పిల్లలకి కళ్ళ ముందు తెలుస్తుంది. మధ్యలో చిల్కా సాతపడాలో డాల్ఫిన్లు. నాలుగైదు రోజులు చాలు, ఖర్చూ తక్కువ. వచ్చే జనవరికి ఇది ఖాయం చేసుకో. సంక్రాంతికి ఇంటికొస్తారు కదా, భోగి మంట ఆరగానే బయల్దేరొచ్చు.

సరే, ఈ మే సంగతి. మేకి సరిపడే దిక్కు హిమాలయం ఒక్కటే. లేహ్ ఈసారికి వద్దు. అది 3,500 మీటర్ల ఎత్తు, దిగగానే రెండు రోజులు గదిలో పడుకోవాలి, మీ అమ్మ బీపీతో అక్కడ నేను ఒప్పుకోను. ఊటీ, కొడైకెనాల్ అని అల్లుడు అంటాడేమో. 2024 మే నుంచి అక్కడికెళ్ళే బళ్ళకి ఈ-పాస్ పెట్టేరు. జనం ఎంత తొక్కిడిగా ఉంటే పెడతారో ఆలోచించు. కశ్మీర్ బాగుంటుంది, ఇప్పుడు కట్రా నుంచి శ్రీనగర్‌కి రైలు కూడా ఉంది. 2025 జూన్‌లో చినాబ్ మీది వంతెన తెరిచేరు, నదికి 359 మీటర్ల ఎత్తున. కానీ అదే ఏడు ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర 26 మందిని చంపేసేరు, ఆ తరవాత చాలా చోట్లు మూసేసి కొన్ని కొన్నిగా తెరిచేరు. భయపడి మానెయ్యమనను. వెళ్ళేముందు ఏవి తెరిచి ఉన్నాయో కనుక్కుని, గుంటలు కాస్త ఎదిగేక మార్తాండ్‌తో కలిపి ప్రత్యేకంగా వెళ్ళు.

నా ఓటు డార్జిలింగ్‌కి. హైదరాబాద్‌లో ఈస్ట్ కోస్ట్ ఎక్కి విజయనగరంలో దిగండి, అది దాదాపు సగం దారి. రెండు రోజులు ఇక్కడ. మళ్ళీ అదే బండిలో కోల్‌కతా. ఒక పూట విశ్రాంతి, రాత్రికి సియాల్దాలో డార్జిలింగ్ మెయిల్, తెల్లారేసరికి న్యూజల్పాయిగురి. అక్కణ్ణుంచి డార్జిలింగ్‌కి 88 కిలోమీటర్ల బుల్లి రైలు, 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మొత్తం దారి దానిలో వెళ్తే రోజంతా పడుతుంది, పిల్లలు విసిగిపోతారు. జీపులో పైకి వెళ్ళి, డార్జిలింగ్ నుంచి ఘుమ్ దాకా మాత్రం రైలెక్కించు. ఘుమ్ 2,258 మీటర్ల ఎత్తు, మన దేశంలో అంతకన్నా ఎత్తులో రైల్వే స్టేషను లేదు. మీ అమ్మ మెట్లెక్కకుండానే అంత ఎత్తు చూస్తుంది. అన్నం దొరుకుతుంది. పిల్లలకి బొగ్గు ఇంజను కూత వినిపిస్తుంది.

కాంచనగంగ కనిపిస్తుందని మాత్రం మాటివ్వను. మేలో మబ్బు కమ్మేస్తుంది. తెల్లవారుజామున అదృష్టం ఉంటే కనిపిస్తుంది, ఖాయంగా కనపడాలంటే అక్టోబరు ఆఖరు, నవంబరు. అది ముందే గుంటలకి చెప్పు, లేకపోతే ఏడుస్తారు. అక్కణ్ణుంచి గాంగ్‌టక్ రెండు రోజులు చాలు. ఉత్తర సిక్కిం ప్యాకేజీ చవకని ఎవరైనా అంటే వినకు. 2023 అక్టోబరు 4న తీస్తా పొంగి ఆ దారులు కొట్టుకుపోయేయి, వాన పడితే ఇప్పటికీ కొండచరియలు జారుతుంటాయి. మీ అమ్మని ఆ జీపుల్లో ఎక్కించకు. మే 25 లోపల కొండ దిగిపోవాలి. మన దగ్గర రోహిణికార్తెలో రోళ్ళు పగిలే వేళకి అక్కడ వానలు మొదలవుతాయి.

గదుల విషయం అల్లుడికి వదిలెయ్, అతనికి వచ్చు. ఒక్కటే చెప్తాను, కింది అంతస్తు గది కావాలని ముందే రాయించుకోండి. కొండ ఊళ్ళలో లిఫ్టు ఉన్న హోటలు తక్కువ. మంకీ టోపీలు ఇప్పుడే కొనకు, మీ పెదనాన్నవి మిల్లులో పనిచేసిన రోజుల నాటివి మూడున్నాయి.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు, రామతీర్థం సంగతి తెలిస్తే ముందే మందులేసుకుని వచ్చేస్తుంది. రైలు టికెట్లు ఇప్పుడు 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే ఇస్తున్నారు. మే 10న హైదరాబాద్‌లో ఎక్కేటట్టయితే మార్చి 11న ఉదయం 8 గంటలకి తెరుస్తారు. ఆ రోజు ఆ వేళకి మీటింగు పెట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ.